ముప్పై ఆరుకు నలభై ఒకటి

ఆ రోజుల్లో ఫోటో అంటే ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి జరిగే శుభకార్యం. ఇస్త్రీ బట్టలు, తలకు నూనె, ముఖానికి పౌడరు, పక్కింటివాళ్ళ చేతిగడియారం, ఇన్నీ కుదిరాక ఊపిరి బిగబట్టి నిలబడటం. నవ్వితే ఫోటో పాడైపోతుందని పెద్దవాళ్ళ నమ్మకం. అలాంటి కాలంలో సొంత కెమెరా ఉన్నవాడికి వీధిలో ఒక హోదా ఉండేది. ఆ హోదా నాకు దక్కింది. దాంతోపాటు ఫోటోలు తీయడం కూడా వచ్చి ఉంటే బాగుండేది గాని, భగవంతుడు రెండూ ఒకడికే ఇవ్వడు కదా.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. బెజవాడ పటమటలో ఒక హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేరి ఏడాదిన్నర అయింది. మొదటి జీతాల్లో మిగుల్చుకుని ఒక డబ్బా కెమెరా కొన్నాను. (దాన్ని డబ్బా అని నేను ఎన్నడూ అనలేదు, చూసినవాళ్ళే అన్నారు.) పన్నెండు ఫోటోల రోలు, ఎండ ఉంటేనే పని, మీట నొక్కితే టక్కుమని ఒక్క చప్పుడు. పదో తరగతి పిల్లలకు కటకాలూ కిరణాలూ ప్రతిబింబాలూ నల్లబల్ల నిండా గీసి గడగడా చెప్పేసేవాణ్ణి. అదే మనిషి ఆదివారం నాడు కెమెరా పట్టుకుంటే మా అత్తయ్యకు తల ఉండేది కాదు. మావయ్యకు తల ఉండేది గాని, దానిలోంచి కొబ్బరిచెట్టు మొలిచేది. మా బావ పెళ్ళిలో, పగటి ముహూర్తం కదా అని పందిట్లో తలంబ్రాల ఫోటో తీశాను. తలంబ్రాలు వచ్చాయి, చేతులు వచ్చాయి. ఆ చేతులు ఎవరివన్న విషయం మీద ఆ ఇంట్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

నేను ఫిలిం రోళ్ళు కడిగించే స్టూడియో గవర్నరుపేటలో ఉండేది. దాని యజమానిని ఊరందరూ బాబాయి అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. తడి నెగటివును తీగకు వేలాడదీసి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఒక్కొక్క బొమ్మా చూసి, "ఏం మాస్టారూ, ఈసారి ఎవరి తల తీసేశారు?" అని ఎంతో మర్యాదగా అడిగేవారు.

"తప్పు నాది కాదు బాబాయి గారూ, ఈ కెమెరాది" అని నేను సుద్దముక్క లేకపోయినా పాఠం మొదలుపెట్టేవాణ్ణి. ఇందులో మన కన్ను చూసే కంత వేరు, బొమ్మ పడే కటకం వేరు. మనం తల చూస్తాం, అది మెడ చూస్తుంది. అదే ఎస్సెల్లార్ కెమెరా అయితే లోపల అద్దం ఉంటుంది, కటకంలోంచి వచ్చిన బొమ్మే మన కంటికి కనబడుతుంది, కనబడిందే ఫిలిం మీద పడుతుంది. కాబట్టి నాలాంటివాడికి ఎస్సెల్లార్ తప్పనిసరి.

బాబాయి అంతా విని తల ఊపేవారు. "మీరు చెప్పింది నిజమే. కానీ మీ డబ్బా మీద ఎనిమిదడుగుల దూరంలో నిలబడమని రాసుంది. మీరేమో మూడడుగుల్లో నిలబడి మనుషుల మీద పడిపోతుంటారు. ముందు రెండడుగులు వెనక్కెయ్యడం నేర్చుకోండి. కాళ్ళకి డబ్బులక్కర్లేదుగా!"

ఈ మాట నాకు నచ్చలేదు. పనిముట్టుదే లోపమని శాస్త్రీయంగా రుజువు చేసినవాడికి నడక నేర్చుకోమని చెప్పడం అవమానం. (అసలు సంగతి ఇన్నేళ్ళకు ఒప్పుకుంటున్నాను. ఎస్సెల్లార్ మీద నా మోజులో అద్దం వాటా సగమే. మిగతా సగం మెడలో వేలాడే ఆ తోలు పటకాది, మీట నొక్కినప్పుడు వచ్చే ఛళక్కనే ఆ బరువైన చప్పుడుది.)

ఇలా ఉండగా హనుమాన్ జంక్షన్‌లో ఒక ఎస్సెల్లార్ అమ్మకానికి ఉందని తెలిసింది. దాని సొంతదారు నాలుగు లారీలు తిప్పే ఆసామి. ఓడలో పనిచేసే ఆయన బావమరిది సింగపూర్ నుంచి తెచ్చి కానుకగా ఇచ్చాడట. "చక్రాలున్న మిషనైతే నాకు తెలుసండీ. ఇదేంటో, చుట్టూ అంకెలే. చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి" అన్నారాయన. చెప్పిన వెల నా నాలుగు నెలల జీతం. నా ముఖం చూసి ఆయనే మళ్ళీ, "తొందరేం లేదు మాస్టారూ. పట్టుకెళ్ళి వాడి చూడండి. నచ్చితే మంగళవారం మాట చెప్పండి, నచ్చకపోతే తెచ్చిచ్చెయ్యండి" అని ఆ కెమెరాను పసిబిడ్డను అందించినట్టు నా చేతుల్లో పెట్టారు. ఎంత మంచి మనిషో! ఆ క్షణంలో నాలుగు నెలలు పస్తులుండటం ఆరోగ్యానికి మంచిదేననిపించింది.

అది శనివారం సాయంత్రం. అక్కణ్ణుంచి నేను గుడివాడ మీదుగా కొల్లేటి ఒడ్డున ఉన్న ఒక ఊరికి వెళ్ళాలి. ఎందుకంటే అప్పటికే ఒక మాట ఇచ్చి ఉన్నాను. పటమటలో నాతో ఒకే గదిలో ఉండే లెక్కల మాస్టారిది ఆ ఊరు. తరతరాలుగా కొల్లేట్లో చేపలు పట్టి, బుట్టల్లో ఐసు వేసి ఎగుమతి చేసే కుటుంబం. ఆ ఇంట్లోంచి చదువుకుని ఉద్యోగంలోకి వచ్చిన మొదటివాడు మా లెక్కల మాస్టారే. వాళ్ళ పెద్దన్నయ్య మిలిటరీలో ఉన్నాడు. ఆరేళ్ళ తర్వాత సెలవు మీద ఇంటికి వచ్చాడు. ఆ కబురు విని బందరు వైపు అత్తారింట్లో ఉన్న చెల్లెలు కూడా వచ్చింది. ఊళ్ళోనే చేపల వ్యాపారంలో ఉన్న ఇద్దరు తమ్ముళ్ళు ఎలాగూ ఉన్నారు. అయిదుగురూ ఒక చోట చేరి ఆరేళ్ళయింది.

"సోమవారం సాయంత్రం అన్నయ్య బెజవాడలో రైలెక్కేస్తాడు. మళ్ళీ ఎప్పుడొస్తాడో, ఎక్కడ వేస్తారో తెలీదు" అన్నాడు లెక్కల మాస్టారు. "అమ్మది ఒకటే కోరిక. పిల్లలందరితో కలిసి ఒక్క ఫోటో. నాన్న పోయినప్పుడు చెల్లెలికి రెండేళ్ళు. నాన్న ఫోటో ఒక్కటీ లేదు. నాన్న ఎలా ఉండేవాడని అది అడిగితే మేం తలో రకంగా చెబుతాం. మళ్ళీ అలా కాకూడదని అమ్మ భయం."

మామూలుగా హాస్యమాడే మనిషి, ఈ మాట చెబుతూ నా వైపు చూడలేదు. నేను గుండె మీద చెయ్యేసుకుని, "నీకెందుకు, కొత్త కెమెరా వస్తోంది. తలలన్నీ నా పూచీ" అన్నాను.

గుడివాడ బస్టాండులో బల్ల మీద కూర్చుని ఫిలిం ఎక్కించాను. కెమెరాతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో దాని గురించి మూడు పేజీలు రాశారు. సైన్సు మాస్టారికి మూడు పేజీలు దేనికి? మొదటి బొమ్మ చూసి, ఫిలిం కొసను అవతలి చీలికలో దూర్చి, మూత వేసి, మీట రెండుసార్లు తిప్పాను. పైన ఉన్న చిన్న గళ్ళో అంకె ఒకటి మీదికి వచ్చి కూర్చుంది. పక్కన కూర్చున్న పెద్దమనిషి గౌరవంగా కాస్త జరిగి నాకు చోటిచ్చాడు.

ఆదివారం పొద్దున్న ఆ ఇంటి ముందు జాతరలా ఉంది. పెద్దన్నయ్య యూనిఫారం వేసుకుని బూట్లు మెరిపించి నిలబడ్డాడు. ఉన్న ఒక్క చేతిగడియారం ఒకరి తర్వాత ఒకరి మణికట్టు మీదికి మారుతోంది. తమ్ముళ్ళు ఆ పొద్దున్నే పడ్డ పెద్ద కొర్రమీనును కూడా ఫోటోలో పెట్టాలన్నారు. అమ్మగారు అంచు చీర కట్టుకుని, కొడుకులు కుర్చీలో కూర్చోబెట్టినప్పుడల్లా ఏదో ఒక పని గుర్తొచ్చి లేచి లోపలికి వెళ్తున్నారు.

"నా మొహం ఏముంది బాబూ, పిల్లల్ని తియ్యి. నేనొక పక్కన ఉంటే చాలు" అన్నారావిడ.

"మీరు మధ్యలో కూర్చోవాలమ్మా" అన్నాను. అద్దంలోంచి చూస్తే ఆహా! అందరి తలలూ వాటి స్థానాల్లో వాటంతటవే ఉన్నాయి. ఛళక్. గుమ్మంలో ఒకటి, చింతచెట్టు కింద ఒకటి, తాటిదోనెలో కూర్చోబెట్టి నాలుగు, కొర్రమీనుతో రెండు. ఛళక్, ఛళక్. వీధిలో వాళ్ళంతా గుమిగూడారు. నాకు పూనకం వచ్చినట్టయింది. అంకె ముప్పై ఆరు చేరింది. అలవాటుగా మీట తిప్పాను. తిరిగింది! ముప్పై ఏడు. మళ్ళీ తిప్పాను. ముప్పై ఎనిమిది.

"ముప్పయ్యారేగా అన్నావు?" అన్నాడు లెక్కల మాస్టారు. లెక్క తప్పితే ఊరుకోడు.

ఇక్కడ నాలోని శాస్త్రవేత్త మేల్కొన్నాడు. "ఫిలిం మొదట్లోనూ చివర్లోనూ కాస్త అదనంగా వదులుతారు. మామూలు కెమెరా దాన్ని వృథా చేస్తుంది. ఇది ఎస్సెల్లార్ కదా, పొదుపుగా వాడుకుంటుంది" అని విడమరచి చెప్పాను. ఇంత ధీమాగా నేను నిజం కూడా ఎప్పుడూ చెప్పలేదు.

చిన్నతమ్ముడికి మాత్రం ఆ శాస్త్రం అక్కర్లేకపోయింది. "అంటే కొసరన్నమాట! మనం బుట్టకి రెండు చేపలు కొసరెయ్యట్లా? అట్టాగే ఆళ్ళూ ఏశారు" అని తేల్చేశాడు. ఆ మాటతో అందరికీ విషయం బోధపడింది. కూరగాయలకు కొసరుంది, పాలకు కొసరుంది, చేపలకు కొసరుంది. ఫిలిముకు మాత్రం ఎందుకుండకూడదు? అమ్మగారైతే కెమెరాను తయారుచేసినవాళ్ళను మనసారా దీవించారు. "కొసరేసే చెయ్యి చల్లగా ఉంటది బాబూ. కొనేసుకో, మంచోళ్ళ మిషను" అన్నారు. నలభై ఒకటి దగ్గర చెయ్యి నొప్పెట్టి ఆపాను గాని, అది ఆగలేదు. నాకు మధ్యాహ్నం కొర్రమీను పులుసుతో భోజనం పెట్టారు. నేను ఇంకో రెండు ముక్కలు కొసరు వేయించుకుని తిన్నాను.

"రేపు పెద్దోడితో మేమందరం బెజవాడ స్టేషన్‌కి వస్తాం. ఆ పటాలు అక్కడికి తెచ్చియ్యి బాబూ. ఆడు ఒకటి తనతో పట్టుకెల్తాడు" అన్నారు అమ్మగారు నేను బయల్దేరేటప్పుడు. తప్పకుండా అన్నాను.

సోమవారం ఖాళీ పీరియడుకు ఇంకో రెండు పీరియడ్లు కలుపుకుని స్టూడియోకు పరుగెత్తాను. కెమెరాను బాబాయి బల్ల మీద పెట్టి, "చూడండి! ముప్పై ఆరు రోల్లో నలభై ఒకటి తీశాను" అన్నాను. బాబాయి కెమెరాను అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు. తర్వాత నన్ను చూశారు. కెమెరాతో చీకటి గదిలోకి వెళ్ళారు. నేను బయట కూర్చుని, ఈ నలభై ఒకటిలో పత్రికకు ఏది పంపితే బాగుంటుందా అని ఆలోచిస్తున్నాను.

ఆయన బయటికి వచ్చి తడి ఫిలిమును నా ముఖానికి అడ్డంగా పట్టుకున్నారు. ఒక కొస నుంచి ఇంకో కొస దాకా గాజు కాగితంలా ఉంది. దాని అవతల ఆయన ముఖం స్పష్టంగా కనబడింది. నా ముఖం కూడా ఆయనకు అంతే స్పష్టంగా కనబడి ఉంటుంది.

"ఫిలిం కొస చీలికలోంచి జారిపోయింది మాస్టారూ. మీరు తిప్పారు, అంకె తిరిగింది, ఫిలిం మాత్రం దాని డబ్బాలో హాయిగా నిద్రపోయింది. అంతకంటే ఇందులో ఏం లేదు. మీరు ఇవాళ సాయంత్రం దాకా తీసినా తీస్తూనే ఉండేది" అన్నారు. వెక్కిరించలేదు. వెక్కిరించి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

అమ్మగారి అంచు చీర, ఆ మెరుస్తున్న బూట్లు, తండ్రి ముఖం తెలియని ఆ చెల్లెలు, అందరూ కళ్ళ ముందు నిలబడ్డారు. ఏడుపు వచ్చినంత పనైంది. సంగతి చెప్పి, "మీరు రండి బాబాయి గారూ, స్టేషన్‌కొచ్చి మీ కెమెరాతో ఒక్కటి తియ్యండి" అని బతిమాలాను. లోపల ఎవరో పెళ్ళివారు పౌడరు వేసుకుని సిద్ధంగా ఉన్నారు, ఆయన కదలలేరు. సొరుగులోంచి కొత్త రోలు తీసి, "మీ డబ్బాలో ఎక్కించుకోండి. అది ఎక్కించడం మీకొచ్చుగా? ప్లాట్‌ఫారం చివర రేకుల కప్పు అయిపోయాక మంచి ఎండుంటుంది. పరుగెత్తండి" అని తోశారు.

పటమటకు వెళ్ళి డబ్బా కెమెరా తీసుకుని, స్టేషన్ చేరేసరికి రైలుకు అరగంటే ఉంది. వాళ్ళు ఆరుగురూ ట్రంకు పెట్టె చుట్టూ నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే అమ్మగారు కొంగుతో చేతులు తుడుచుకున్నారు, పటాలు అందుకోవడానికి. ఆ చేతులు చూసి తల వంచుకుని జరిగింది చెప్పేశాను. ఒక్కటీ రాలేదమ్మా, తప్పంతా నాదే అన్నాను. (కెమెరాది అనకుండా ఆ మాట అనడం నా జీవితంలో అదే మొదలు.) లెక్కల మాస్టారు నోరు తెరిచాడు గాని, అమ్మగారే ముందు మాట్లాడారు.

"దానికట్టా అయిపోతావేంటి బాబూ? వల ఏసినప్పుడల్లా చేప పడుద్దా? మళ్ళీ ఏస్తాం, అంతే. చేతిలో ఇంకోటేదో ఉందిగా, తియ్యి మరి. బండొచ్చేస్తది."

ప్లాట్‌ఫారం చివరికి పరుగెత్తాం. పెద్దన్నయ్య తమ్ముళ్ళనూ చెల్లెల్నీ పెరేడ్‌లో నిలబెట్టినట్టు వరసలో నిలబెట్టి, ట్రంకు పెట్టె మీద తల్లిని కూర్చోబెట్టాడు. నేను కెమెరా కంటికి పెట్టుకుని, బాబాయి మాట తలుచుకుని రెండడుగులు వెనక్కి వేశాను. నమ్మకం చాలక ఇంకో రెండు వేశాను. ఆ తర్వాత ఇంకో మూడు. టీ బండికి తగిలితే గాని ఆగలేదు. "వెనక చూసుకోవాలి సార్!" అని బండివాడు కేకేశాడు, గ్లాసులు గలగలమన్నాయి, ఆ గలగలకు అటు ఆరుగురూ ఒక్కసారే నవ్వారు. టక్. తర్వాత కూలీలు అడ్డం వచ్చారు, ఎవరో గొడుగు తెరిచారు, రైలు వచ్చేసింది. పన్నెండూ ఎలాగో పూర్తి చేశాను. కదులుతున్న కిటికీలోంచి పెద్దన్నయ్య, "మాస్టారూ, తలలు జాగ్రత్త!" అని అరిచాడు. నా సంగతి తమ్ముడు ముందే చెప్పి ఉంటాడు.

మంగళవారం హనుమాన్ జంక్షన్ వెళ్ళి కెమెరా తిరిగి ఇచ్చేశాను. మిషను మంచిదేనండీ, నేనే ఇంకా దానికి సరిపోను అన్నాను. ఆసామి ఆశ్చర్యపోయి, "అదేంటి మాస్టారూ, లారీ కొనేవాళ్ళంతా డ్రైవింగ్ నేర్చుకునే కొంటున్నారా?" అన్నారు. శనివారం స్టూడియోకు వెళ్తే అదే కెమెరా బాబాయి బల్ల మీద ఉంది. నేను నోరెళ్ళబెట్టాను. ఆయన కొంచెం సిగ్గుపడుతూ, "మీకొద్దన్నాను గాని నాకొద్దన్నానా? ఆ రోజు చేతిలోకి తీసుకున్నప్పట్నుంచీ నిద్ర పట్టలేదు మాస్టారూ. మీరు తిరిగిచ్చేశారని విని వెళ్ళి కొనేశాను" అన్నారు. తర్వాత పటకాను నిమురుతూ, "ఎప్పుడైనా నిజంగా అవసరమైతే అడగండి. ఇస్తాను, నేర్పుతాను" అన్నారు. నాకు నవ్వు రాలేదు. కోపమే వచ్చింది.

పన్నెండింటిలో ఒక్కటి, టీ గ్లాసులు గలగలమన్నప్పటిది మాత్రం, ఆరు తలలతో వచ్చింది. నేను అంత దూరం వెనక్కి వెళ్ళడంతో ముఖాలు ఆవగింజలంత ఉన్నాయి. ఒక కాపీ పెద్దన్నయ్యకు పోస్టు చేసి, ఇంకోటి తీసుకుని ఆదివారం లెక్కల మాస్టారితో కలిసి కొల్లేటికి వెళ్ళాను. అమ్మగారు ఫోటోను వెలుతురులోకి తీసుకెళ్ళి, వేలు పెట్టి పక్కనున్న కొడుక్కి చూపించడం మొదలుపెట్టారు. "ఈడు పెద్దోడు. ఈడు నువ్వు. ఈడు నడిపోడు. ఇదిగో చిన్నోడు. ఇది మా పిల్ల, నవ్వుద్ది చూడు." అంత చిన్న ముఖాలను ఒక్కటీ తప్పులేకుండా గుర్తుపట్టారు. వేలు మధ్యలోకి వచ్చి ఆగింది.

"పెట్టె మీద ఈవిడెవరు బాబూ?"

"మీరేనమ్మా" అన్నాను.

ఆవిడ నమ్మలేదు. ఫోటోను దగ్గరగా పెట్టుకున్నారు, దూరంగా పట్టుకున్నారు. తర్వాత నెమ్మదిగా, "అచ్చం మా అమ్మ" అన్నారు. "ఎట్టా ఉండేదో మర్చిపోయాననుకున్నా." మళ్ళీ కాసేపు చూసి, "ఇంకొంచెం పెద్దగా కనపడితే బాగుండు" అని, అన్నందుకు నేను నొచ్చుకుంటానేమోనని వెంటనే, "బాగుంది బాబూ, చాలా బాగుంది" అన్నారు.

తిరుగు బస్సులో లెక్కల మాస్టారి పక్కన కూర్చున్నాను. బాబాయి మీద కోపం కైకలూరు దాటేలోపే పోయింది. అమ్మగారి ముఖం అరచేతంత కనబడాలి, ఆ నుదుటి మీద గీతలు కూడా కనబడాలి. దానికి ఆ అద్దమున్న కెమెరా కావాలి, అది పట్టుకోవడం వచ్చిన మనిషీ కావాలి. రేపు సాయంత్రమే స్టూడియోకు వెళ్ళి, ఫిలిం ఎక్కించడం దగ్గర్నుంచి నేర్పమని అడగాలనుకున్నాను. ఆ ఆలోచన వచ్చాక గుడివాడ దాకా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను. ఎదుటి సీటాయన రెండుసార్లు అనుమానంగా చూశాడు.

ఇప్పుడు నా బీరువాలో మూడు కెమెరాలున్నాయి. మూడింటినీ కళ్ళు మూసుకుని వాడగలను. తలలు తెగడం మానేసి నలభై ఏళ్ళు దాటింది. అయినా అప్పుడప్పుడు ఒక దాన్ని బయటికి తీసి, తుడిచి, కిటికీ దగ్గర నిలబడి, దేన్ని తీద్దామా అని చూస్తూ ఉండిపోతాను. అలాంటప్పుడు ఆ బస్సులో కూర్చున్న ఇరవై మూడేళ్ళ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడంటే కాస్త అసూయగా కూడా ఉంటుంది. వాడి దగ్గర మంచి కెమెరా లేదు, తీయడం అసలే రాదు. కానీ ఏ ముఖం తీయాలో వాడికి తెలుసు.